వ్యాపారం ఎవరి పేరు మీద?



కొత్తగా వ్యాపారం పెట్టబోయేవాళ్లు ఆడిటర్ దగ్గరికి వచ్చి కూర్చోగానే సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. "సార్, దేని కింద పెట్టుకుంటే పన్ను తక్కువ పడుతుంది?" అడగాల్సిన ప్రశ్నే, కానీ మొదట అడగాల్సింది కాదు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. ఈ వ్యాపారంలో అప్పు మిగిలితే అది ఎవరి నెత్తిన పడుతుంది? లాభం వస్తే ఎవరి వాటా ఎంత? నడిపే మనిషికి రేపు ఏమైనా జరిగితే షెడ్డు తాళాలు ఎవరి చేతికి వస్తాయి? వీటికి జవాబు దొరికితే వ్యాపారాన్ని ఏ రూపంలో పెట్టాలన్నది చాలావరకు తేలిపోతుంది. పన్ను లెక్క ఆ తర్వాత వేసుకోవచ్చు.

ఊరికే చట్టాలు చెప్పుకుంటూ పోతే వినడానికి బరువుగా ఉంటుంది. ఒక ఉదాహరణ పట్టుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో ఇద్దరు తోడల్లుళ్లు లారీ బాడీలు కట్టే షెడ్డు పెట్టాలనుకున్నారని అనుకోండి. చిన్నల్లుడికి పని వచ్చు. ఏళ్ల తరబడి వేరేవాళ్ల షెడ్డులో మేస్త్రీగా చేశాడు. వెల్డింగు చూసి అది నిలుస్తుందో లేదో చెప్పగలడు. లారీ యజమానులు అతన్ని పేరు పెట్టి అడుగుతారు. చేతిలో డబ్బు మాత్రం లేదు. పెద్దల్లుడికి ఊళ్లో ఇల్లు, పొలం ఉన్నాయి, బ్యాంకులో 10 లక్షలున్నాయి. ఆ 10 లక్షలు పెడతానన్నాడు కానీ రోజూ షెడ్డుకు వచ్చే తీరిక లేదు. యాంగిళ్లు, ఛానళ్లు, రేకులు ఇనుము కొట్టు నుంచి అరువు మీద వస్తాయి. ఇక్కడిదాకా అందరికీ బాగానే ఉంది.

ఇప్పుడు పెద్దల్లుడిని ఒక మాట అడగాలి. "అన్నయ్యగారూ, ఈ 10 లక్షలు మీరు వాటాగా పెడుతున్నారా, అప్పుగా ఇస్తున్నారా?" చాలా ఇళ్లలో ఈ మాట అడగరు. అడిగితే అనుమానించినట్టు ఉంటుందని మొహమాటపడతారు. "మనలో మనకేమిటి, చూసుకుందాంలే" అంటారు. అయిదేళ్ల తర్వాత గొడవ మొదలయ్యేది సరిగ్గా ఆ "చూసుకుందాంలే" దగ్గరే. లాభం బాగా వస్తే పెట్టినాయన నాది వాటా అంటాడు, నష్టం వస్తే నాది అప్పు అంటాడు. పని చేసినాయన దానికి తలకిందులుగా చెబుతాడు. ఆ రోజు ఇద్దరూ అబద్ధం ఆడుతున్నట్టు కాదు. మొదట్లో ఏమీ రాసుకోలేదు కాబట్టి ఎవరికి గుర్తున్నది వాళ్లకు నిజంగా తోస్తుంది.

అప్పుగా ఇవ్వడమే మంచిదని తేలితే దారి సులువు. చిన్నల్లుడు తన ఒక్కడి పేరు మీద వ్యాపారం పెట్టుకుంటాడు. పెద్దల్లుడు ప్రోనోటు రాయించుకుని, ఎంత వడ్డీయో అందులో వేయించుకుని, డబ్బు బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు పంపిస్తాడు. నగదుగా మాత్రం వద్దు. 20 వేల రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. తీసుకుంటే ఆ మొత్తమంతా జరిమానా పడే ప్రమాదం ఉంది. ప్రోనోటుకు మూడేళ్ల కాలపరిమితి సంగతి మన ఊళ్లలో అందరికీ తెలిసిందే, ఆ లోపు జమ వేయించుకోవడమో తిరగరాయించుకోవడమో చేయాలి. ఇలా చేస్తే పెద్దల్లుడు ఇనుము కొట్టుకు ఏమీ బాకీ కాడు. షెడ్డు మూతపడినా ఊళ్లో ఇంటి జోలికి ఎవరూ రారు. పోతే ఇచ్చిన 10 లక్షలే పోతాయి. నా అభిప్రాయం అడిగితే, రోజూ వచ్చి చూసుకోలేని బంధువు డబ్బు పెట్టాలనుకుంటే మొదట ఆలోచించాల్సిన దారి ఇదే.

ఒక్కడి పేరు మీద పెట్టుకోవడాన్ని ప్రొప్రైటర్‌షిప్ అంటారు. దీనికి ప్రత్యేకంగా చట్టమంటూ లేదు. మనిషి, వ్యాపారం రెండూ ఒకటే. పాన్ కార్డు ఒకటే, ఆదాయపు పన్ను రిటర్నూ ఒకటే. బోర్డు మీద దుర్గా బాడీ బిల్డర్స్ అని రాసినా కోర్టు దృష్టిలో అప్పు ఆ మనిషిదే. షెడ్డు సామాను సరిపోకపోతే అతని సొంత ఆస్తి మీదికి వస్తుంది. ఇదే దీనిలోని బలహీనత.

పన్ను దగ్గరికొస్తే చిన్న వ్యాపారికి ఇంత వెసులుబాటున్న రూపం ఇంకొకటి లేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి నంబర్ల జోలికి వెళ్లను, విషయం చెబుతాను. కొత్త పన్ను విధానంలో వ్యక్తికి మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను కట్టే పని ఉండదు. 2025 బడ్జెట్‌లో వచ్చిన మార్పు ఇది. దీనికి తోడు అంచనా లాభం పద్ధతి ఒకటుంది. ఏడాది టర్నోవరు 2 కోట్ల లోపు ఉంటే, నగదు రాబడి మొత్తంలో 5 శాతం మించకపోతే 3 కోట్ల దాకా, లెక్కల పుస్తకాలన్నీ చూపకుండానే లాభాన్ని ఒక శాతంగా ప్రకటించవచ్చు. బ్యాంకు ద్వారా, యూపీఐ ద్వారా వచ్చిన డబ్బు మీద 6 శాతం, నగదు మీద 8 శాతం. మన చిన్నల్లుడికి కోటి రూపాయల పని అంతా బ్యాంకు ద్వారానే వచ్చిందనుకుంటే 6 లక్షల లాభం చూపించవచ్చు. వేరే ఆదాయం లేకపోతే పన్ను సున్నా. అయితే నిజంగా వచ్చిన లాభం ఎక్కువైతే ఎక్కువే చూపాలి. బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు మీరు రిటర్నులో చూపిన లాభాన్నే చూస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఏళ్ల తరబడి తక్కువ చూపించి, ఒక రోజు పెద్ద అప్పు కావాలని వెళితే మేనేజరు ముందు పెట్టడానికి కాగితం ఉండదు.

ఇలాంటి వ్యాపారానికి, చిన్న సంస్థల కోసం ఉన్న ఉద్యం రిజిస్ట్రేషన్ తప్పకుండా చేయించుకోండి. 2020 జులై 1 నుంచి ఇది నడుస్తోంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, ప్రభుత్వ పోర్టల్లో పైసా ఖర్చు లేదు. డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రైవేటువి. దీనివల్ల అసలు ఉపయోగం బాకీల వసూలులో కనిపిస్తుంది. సరుకు తయారుచేసే, సేవ అందించే చిన్న సంస్థకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి చిన్న సంస్థల చట్టం చెబుతోంది. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. గడువులో ఇవ్వకపోతే, ఆ బిల్లును ఇచ్చేదాకా ఖర్చుగా చూపుకునే వీలు కొన్నవాళ్లకు 2023-24 నుంచి పోయింది. పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీ దగ్గర బిల్లు ఇరుక్కున్న చిన్న షెడ్డుకు ఇది గట్టి ఆయుధం. కొని అమ్మే షాపులకు మాత్రం ఈ రక్షణ వర్తించదు.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలి. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న సంగతి. మన దగ్గర భార్య పేరు మీద వ్యాపారం పెట్టడం మామూలైపోయింది. భర్తకు ఉద్యోగం ఉంటుంది, లేదా పాత అప్పుల వల్ల సిబిల్ స్కోరు పాడై ఉంటుంది. "నీ పేరు మీద పెడదాం, సంతకాలు పెడితే చాలు" అంటాడు. ఆమె పెడుతుంది. కరెంటు ఖాతా ఆమెది, చెక్కు పుస్తకం ఆమెది, జీఎస్టీ నంబరు ఆమె పాన్ మీద ఉంటుంది. సరుకు ఎక్కడి నుంచి వస్తోందో, ఎవరికి ఎంత బాకీయో ఆమెకు తెలియదు. ఖాళీ చెక్కుల మీద సంతకాలు చేసి ఇచ్చేసి ఉంటుంది. వ్యాపారం దెబ్బతిన్న రోజు చెక్కు బౌన్సు కేసులో కోర్టుకు వెళ్లాల్సింది ఆమె. జీఎస్టీ నోటీసు వచ్చేదీ ఆమెకే. పుట్టింటివాళ్లు ఇచ్చిన ఇంటిస్థలం జప్తుకు వచ్చినా ఆశ్చర్యం లేదు. పైగా పన్ను తగ్గుతుందన్న ఆశ కూడా చాలాసార్లు నెరవేరదు. భర్త ఉచితంగా ఇచ్చిన డబ్బుతో భార్య వ్యాపారం చేస్తే ఆ పెట్టుబడి మేరకు వచ్చిన లాభాన్ని భర్త ఆదాయంలోనే కలుపుతారు. అమ్మా, మీ పేరు మీద వ్యాపారం పెడతామంటే సంతోషంగా ఒప్పుకోండి, కానీ బ్యాంకు మెసేజీలు మీ ఫోనుకే రావాలి, జీఎస్టీ పాస్‌వర్డు మీ దగ్గర ఉండాలి, నెలకోసారి బాకీల పట్టీ మీ ముందు పెట్టాలి. దీనికి ఒప్పుకోని వ్యాపారానికి మీ పేరు ఇవ్వకండి.

సరే, తోడల్లుళ్ల దగ్గరికి వద్దాం. పెద్దల్లుడు అప్పు కాదు, వాటాయే కావాలన్నాడు. అప్పుడు భాగస్వామ్య సంస్థ. దీనికి ఆధారం 1932 నాటి భాగస్వామ్య చట్టం. ఆ చట్టంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. భాగస్వాములు ఏమీ రాసుకోకపోతే లాభనష్టాలు సమానంగా పంచుకోవాలి. ఒకరు 10 లక్షలు పెట్టారా, ఇంకొకరు పైసా పెట్టలేదా అన్నది చూడరు. పని చేసినందుకు జీతమూ ఉండదు. పగలంతా మంటల ముందు నిలబడ్డ చిన్నల్లుడికీ, నెలకోసారి వచ్చే పెద్దల్లుడికీ లాభం సగం సగం. పెద్దల్లుడి పెట్టుబడికి వడ్డీ కూడా రాదు. అంటే రాసుకోకపోతే ఇద్దరికీ అన్యాయమే.

అందుకని భాగస్వామ్య పత్రం, మనవాళ్లు డీడ్ అంటారు, అది శ్రద్ధగా రాయించుకోవాలి. స్టాంపు వెండరు దగ్గర దొరికే పాత నమూనాలో పేర్లు మార్చి సంతకం పెట్టకండి. ఆ పత్రంలో ఒక్క వాక్యం లేకపోవడం వల్ల ఎంత పన్ను పడుతుందో లెక్క చెబుతాను, కాగితం ఉంటే రాసుకోండి.

భాగస్వామ్య సంస్థకు మొదటి రూపాయి నుంచే 30 శాతం పన్ను. దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 31.2 శాతం. వ్యక్తికున్న శ్లాబులు, 12 లక్షల రిబేటు సంస్థకు లేవు. షెడ్డుకు ఏడాదికి 12 లక్షల లాభం వచ్చిందనుకోండి. డీడ్‌లో జీతం గురించి ఏమీ లేకపోతే 12 లక్షల మీద 3,74,400 రూపాయల పన్ను కట్టాలి. అదే డీడ్‌లో, పని చేసే భాగస్వామికి చట్టం అనుమతించిన మేరకు జీతం ఇవ్వాలి అని లెక్కతో సహా రాసి ఉంటే సంగతి వేరు. మొదటి 6 లక్షల లాభంలో 90 శాతం, ఆపై మిగిలిన దానిలో 60 శాతం దాకా జీతంగా ఖర్చు చూపవచ్చు. అంటే 5 లక్షల 40 వేలు, 3 లక్షల 60 వేలు, మొత్తం 9 లక్షలు. సంస్థ చేతిలో మిగిలేది 3 లక్షలు. దాని మీద పన్ను 93,600. చిన్నల్లుడికి వచ్చిన 9 లక్షల మీద కొత్త విధానంలో పన్ను లేదు. సంస్థ పన్ను కట్టాక పంచుకున్న లాభం భాగస్వాముల చేతిలో మళ్లీ పన్నుకు రాదు. ఒక్క వాక్యంతో 2,80,800 రూపాయలు మిగిలాయి. పెద్దల్లుడి 10 లక్షలకు 12 శాతం దాకా వడ్డీ ఇస్తామని రాసుకుంటే అదీ ఖర్చే, పన్ను ఇంకాస్త తగ్గుతుంది. అయితే జీతం పని చేసే భాగస్వామికే చెల్లుతుంది. రోజూ రాని పెద్దల్లుడికి జీతం రాస్తే ఆ ఖర్చును ఒప్పుకోరు. డీడ్ రాసిన తేదీకి ముందు కాలానికి కూడా చెల్లదు. కాబట్టి ఏడాది చివర గుర్తొచ్చి రాయించుకుంటే ఉపయోగం లేదు.

ఇంకో మెలిక ఉంది. ఇందాక చెప్పిన అంచనా లాభం పద్ధతి భాగస్వామ్య సంస్థకూ ఉంది కానీ, ఆ దారిలో వెళితే జీతం, వడ్డీ విడిగా తీసేయనివ్వరు. కోటి టర్నోవరు మీద 6 లక్షలు చూపిన సంస్థ 1,87,200 కట్టాలి. అదే షెడ్డు, అదే పని, ఒక్కడి పేరు మీద ఉంటే సున్నా. కాబట్టి సంస్థ పెట్టుకున్నవాళ్లు లెక్కలు రాసుకోక తప్పదు. 2025 ఏప్రిల్ 1 నుంచి భాగస్వామికి ఇచ్చే జీతం, వడ్డీ కలిపి ఏడాదికి 20 వేలు దాటితే సంస్థ 10 శాతం టీడీఎస్ కూడా పట్టాలి. రిటర్ను వేసినప్పుడు అది పన్నులో సర్దుబాటు అవుతుంది లేదా తిరిగి వస్తుంది, కానీ పట్టి కట్టే పని మాత్రం తప్పదు.

పన్ను కంటే పెద్ద విషయం బాధ్యత. సంస్థ అప్పుకు భాగస్వాములందరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులు. ఇనుము కొట్టుకు 15 లక్షలు బాకీ పడితే కొట్టు యజమాని సగం చిన్నల్లుడిని, సగం పెద్దల్లుడిని అడగాలని ఎక్కడా లేదు. మొత్తం ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. ఎవరి దగ్గర? ఇల్లు, పొలం ఉన్న పెద్దల్లుడి దగ్గర. అతను షెడ్డు ముఖం చూసి ఆరు నెలలైనా సరే. డీడ్‌లో నష్టంలో నాకు పావు వాటాయే అని ఉన్నా అది తోడల్లుళ్ల మధ్య లెక్క, అప్పిచ్చినవాడికి అది పట్టదు.

డీడ్ రాసుకున్నాక జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో సంస్థను రిజిస్టరు చేయించడం చట్టప్రకారం తప్పనిసరి కాదు. కానీ చేయించకపోతే, బిల్లు ఎగ్గొట్టిన లారీ యజమాని మీద సంస్థ కోర్టుకు వెళ్లలేదు. అతను మాత్రం మీ మీద కేసు వేయవచ్చు. ఇంతకంటే ఏకపక్షమైన స్థితి ఉండదు. రిజిస్ట్రేషన్ ఖర్చు స్వల్పమే, మొదటి నెలలోనే చేయించేయండి.

మూడో ప్రశ్న మిగిలింది, మనిషి పోతే? భాగస్వామి చనిపోతే సంస్థ రద్దవుతుంది, డీడ్‌లో వేరేగా రాసుకుంటే తప్ప. అందుకే "ఒకరు మరణించినా సంస్థ కొనసాగును" అని అందరూ రాయిస్తారు. కానీ ఇద్దరే ఉన్న సంస్థలో ఒకరు పోతే మిగిలేది ఒక్కరు. ఒక్కరితో భాగస్వామ్యం ఉండదు. సేఠ్ గోవిందరామ్ షుగర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు 1965లోనే ఈ విషయం తేల్చింది. కాబట్టి మొదటి నుంచే మూడో మనిషి, వీలైతే నాలుగో మనిషి ఉండటం మంచిది. మన ఉదాహరణలో ఆ మనుషులు ఎదురుగానే ఉన్నారు. తోడల్లుళ్ల భార్యలు అక్కాచెల్లెళ్లు. వాళ్లిద్దరికీ చిన్న వాటాలిచ్చి భాగస్వాములుగా చేర్చుకోవచ్చు. అయితే భాగస్వామి అయితే బాధ్యతా వస్తుంది, ఇందాక నేను చెప్పిన జాగ్రత్తలన్నీ వాళ్లకూ వర్తిస్తాయి. డీడ్ చదివే రోజు వాళ్లూ కూర్చోవాలి. వినడం కాదు, అడగాలి కూడా.

అంత బాధ్యత నాకు వద్దు, పెట్టిన 10 లక్షల వరకే అని పెద్దల్లుడు అంటే ఎల్‌ఎల్‌పీ, అంటే లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, ఉంది. 2008 చట్టం, 2009 నుంచి అమల్లో ఉంది. పేరులోనే పరిమిత బాధ్యత ఉంది. సంస్థ వేరు, భాగస్వాములు వేరు. ఒకరు పోయినా సంస్థ పోదు, కానీ ఆరు నెలల్లోగా రెండో భాగస్వామిని చేర్చుకోవాలి. లేకపోతే మిగిలిన ఆ ఒక్కరి మీద బాధ్యత పడుతుంది. పన్ను రేటు, జీతం లెక్క భాగస్వామ్య సంస్థకు ఉన్నట్టే. అంచనా లాభం పద్ధతి మాత్రం దీనికి లేదు. టర్నోవరు 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంతవరకు ఎల్‌ఎల్‌పీ చట్టం కింద ఆడిట్ అక్కర్లేదు. పని ఉన్నా లేకపోయినా ఏటా మే 30కి ఒక ఫారం, అక్టోబరు 30కి ఇంకొకటి దాఖలు చేయాలి. అరువు మీద ఎక్కువ సరుకు తిరిగే వ్యాపారానికి, ఆస్తి ఉన్న మనిషి భాగస్వామిగా చేరేచోట నేను దీనివైపే మొగ్గుతాను.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అనగానే మన కుర్రాళ్లకు ఎక్కడలేని హుషారు. లెటర్‌హెడ్ మీద ఆ రెండు మాటలుంటే గౌరవమని. కంపెనీ వెనకున్న ఊహ గొప్పదే. లండన్‌లో వైట్‌చాపెల్ అనే చోట ఆరన్ సాలమన్ అనే బూట్ల వ్యాపారి తన వ్యాపారాన్ని కంపెనీగా మార్చాడు. అప్పటి చట్టానికి ఏడుగురు సభ్యులు కావాలి కాబట్టి భార్యాపిల్లలకు ఒక్కో షేరు ఇచ్చి, మిగిలిన 20,001 షేర్లు తనే ఉంచుకున్నాడు. కంపెనీ దివాలా తీసింది. అప్పులవాళ్లు ఇది సాలమన్ సొంత వ్యాపారమే, అతనే కట్టాలి అన్నారు. 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. కంపెనీ వేరే మనిషి, సాలమన్ వేరే మనిషి అని తీర్పు చెప్పింది. మన దేశంలో కంపెనీ చట్టం కూడా ఆ సూత్రం మీదే నిలబడింది.

కానీ చిన్న వ్యాపారంలో కంపెనీకీ మనిషికీ మధ్య ఉన్న ఆ గోడకు చాలా తలుపులుంటాయి. బ్యాంకు అప్పు ఇచ్చేటప్పుడు డైరెక్టర్ల దగ్గర వ్యక్తిగత హామీ రాయించుకుంటుంది. అక్కడితో బ్యాంకు వరకు పరిమిత బాధ్యత పోయినట్టే. జీఎస్టీ బకాయి కంపెనీ నుంచి వసూలు కాకపోతే ప్రైవేట్ కంపెనీ డైరెక్టర్లు తమ నిర్లక్ష్యం లేదని నిరూపించుకోవాలి, లేకపోతే వాళ్లే కట్టాలి. ఆదాయపు పన్నుకూ అంతే. కంపెనీ చెక్కు బౌన్సయితే వ్యవహారాలు చూసే డైరెక్టరు కూడా ముద్దాయి అవుతాడు. మిగిలే రక్షణ ప్రధానంగా సరుకు అరువిచ్చినవాళ్ల నుంచి, కొనుగోలుదారుల దావాల నుంచి. అది చిన్నదేమీ కాదు. కానీ కంపెనీ పెడితే ఇల్లు భద్రం అనుకుని హామీ పత్రం మీద చదవకుండా సంతకం పెట్టేవాళ్లు ఈ తేడా తెలుసుకోవాలి.

ఖర్చు కూడా చూడాలి. ఒక్క రూపాయి అమ్మకం లేకపోయినా కంపెనీకి ఏటా ఆడిట్ తప్పదు. వార్షిక లెక్కల ఫారం, వార్షిక రిటర్ను రెండూ వేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, పై పరిమితి లేదు. ఏడాది మరచిపోతే రెండు ఫారాలకు 73,000. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టరు అయిదేళ్లపాటు అనర్హుడవుతాడు. 2017లో కేంద్రం 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేసి, 3 లక్షలకు పైగా డైరెక్టర్లను అనర్హులుగా ప్రకటించింది. ఇంకో చిక్కు ఏమిటంటే కంపెనీ ఖాతాలోని డబ్బు మీది కాదు. ఇంట్లో పెళ్లికని ఊరికే తీయలేరు. వాటాదారుకు ఇచ్చిన అప్పును డివిడెండుగా లెక్కకట్టి పన్ను వేసే నిబంధన ఉంది. సొంత షాపు గల్లాపెట్టెకు అలవాటుపడ్డవాళ్లకు ఇది మింగుడుపడదు.

మరి కంపెనీ ఎప్పుడు పెట్టాలి? బయటివాళ్లు డబ్బు పెట్టి షేర్లు అడిగినప్పుడు. ఉద్యోగులకు వాటా ఇవ్వాలనుకున్నప్పుడు. మీరు సరఫరా చేయబోయే పెద్ద సంస్థ కంపెనీతోనే ఒప్పందం చేసుకుంటానన్నప్పుడు. లాభం పెరిగి, అందులో చాలాభాగం వ్యాపారంలోనే ఉంచేసేటప్పుడు. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌చార్జి, సెస్సు కలిపి దాదాపు 25.17 శాతం పడుతుంది, భాగస్వామ్య సంస్థకు పడే 31.2 శాతం కంటే ఇది తక్కువే. డైరెక్టరుగా మీరు తీసుకునే సహేతుకమైన జీతమూ కంపెనీకి ఖర్చే. డివిడెండుగా తీసుకుంటే మాత్రం మీ చేతిలో మళ్లీ పన్ను. ఏకవ్యక్తి కంపెనీ కూడా ఉంది. దానికీ ఆడిట్ తప్పదు, నామినీ పేరు మొదట్లోనే ఇవ్వాలి. స్టార్టప్‌లకు మూడేళ్ల పన్ను మినహాయింపు వినే ఉంటారు. అది కంపెనీలకు, ఎల్‌ఎల్‌పీలకే, అదీ కొత్తదనం ఉన్న వ్యాపారమని ప్రభుత్వ బోర్డు ధ్రువీకరిస్తేనే. లారీ బాడీ షెడ్డుకు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తమ్ముడు డబ్బు పంపి వాటా తీసుకుంటానంటే ఇంకో జాగ్రత్త కావాలి. ప్రవాస భారతీయులు ఇక్కడి సొంత వ్యాపారంలో, భాగస్వామ్య సంస్థలో పెట్టుబడి పెట్టవచ్చు, కానీ ఆ పెట్టుబడిని తిరిగి విదేశానికి తీసుకెళ్లే హక్కు లేని పద్ధతిలోనే. స్థిరాస్తి వ్యాపారానికి, వ్యవసాయానికి, పత్రికలకు ఆ వీలు కూడా లేదు. డబ్బు తిరిగి అక్కడికి రావాలన్న ఉద్దేశం ఉంటే కంపెనీ దారి చూసుకోవాలి. ఈ మాట డబ్బు వేసే ముందే తమ్ముడికి చెప్పాలి.

జీఎస్టీ గురించి రెండు మాటలు. ఇది సంస్థ రూపాన్ని బట్టి మారదు, కానీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. సరుకు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షల టర్నోవరు దాటితే రిజిస్ట్రేషన్, తెలంగాణలో 20 లక్షలకే. సేవలకు రెండు చోట్లా 20 లక్షలు. జగ్గయ్యపేటలో ఉన్న కొట్టుకూ కోదాడలో ఉన్న కొట్టుకూ మధ్య ఇంత తేడా ఉంది. మన షెడ్డు కట్టేది లారీ యజమాని తెచ్చిన చాసిస్ మీద కాబట్టి అది సేవ కిందికి వస్తుంది, 20 లక్షల పరిమితే వర్తిస్తుంది. ఆటోనగర్‌లో ఉన్నాం కదా, 40 అనుకుంటే పొరపాటు.

జీఎస్టీ నంబరు పాన్‌తో ముడిపడి ఉంటుంది. ఒక్కడి పేరు మీద మొదలుపెట్టి తర్వాత భాగస్వామ్యంగా మార్చుకుంటే పాన్ మారుతుంది, జీఎస్టీ నంబరు కొత్తది తీసుకోవాలి, మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్ కొత్త నంబరుకు బదిలీ చేయించుకోవాలి. బ్యాంకు ఖాతా, ఉద్యం అన్నీ మళ్లీ చేయించుకోవాలి. పని ఉంటుంది కానీ దారి మూసుకుపోలేదు. సొంత వ్యాపారాన్ని తర్వాత కంపెనీగా మార్చినా, ఆస్తులూ అప్పులూ అన్నీ బదిలీ చేసి, అయిదేళ్లపాటు సగానికి తగ్గకుండా ఓటు హక్కు మీ దగ్గరే ఉంచుకుంటే మూలధన లాభాల పన్ను పడకుండా చట్టం వీలు కల్పించింది. కంపెనీ నుంచి వెనక్కి రావడం ఇంత తేలిక కాదు. మూసేయడానికి కూడా ఫారాలు, రుసుము, పాత బకాయి ఫారాలన్నీ పూర్తిచేయడం ఉంటాయి. అందుకే మొదటి రెండేళ్లు చిన్న రూపంలో నడిపి, వ్యాపారం నిలదొక్కుకుని అవసరం కనిపించాక పెద్ద రూపంలోకి వెళ్లమని చెబుతాను.

చివరగా, విడిపోయే రోజు గురించి. అయిదేళ్లకు పెద్దల్లుడు తన డబ్బు తీసుకుని తప్పుకున్నాడనుకోండి. లెక్కలు తేలాయి, ఇద్దరూ సంతకాలు పెట్టారు, కలిసి భోంచేశారు. అంతటితో పని పూర్తికాలేదు. తప్పుకున్నట్టు బహిరంగ ప్రకటన ఇచ్చేదాకా బయటివాళ్ల దృష్టిలో అతను భాగస్వామే. ఆ తర్వాత చిన్నల్లుడు చేసిన అప్పుకూ అతను జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. రిజిస్టరైన సంస్థ అయితే రిజిస్ట్రార్‌కు నోటీసు ఇవ్వాలి, గెజిట్‌లో ప్రకటించాలి, ఆ జిల్లాలో నడిచే ఒక తెలుగు పత్రికలో కూడా వేయించాలి. జీఎస్టీ కమిషనరుకు నెల రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆ కాగితం అక్కడికి చేరే తేదీ దాకా పన్ను బాధ్యత అతని మీదే ఉంటుంది. బ్యాంకులో హామీ ఇచ్చి ఉంటే దాని నుంచి విడుదల చేసినట్టు బ్యాంకు ఇచ్చే ఉత్తరం విడిగా తీసుకోవాలి. ఇనుము కొట్టుకు, గ్యాసు సిలిండర్లు ఇచ్చేవాళ్లకు కూడా ఒక్కో ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, రసీదులు జాగ్రత్త చేసుకోవాలి.